బాంజోకు మేకతోలు

వెర్నా పెట్టెను పీరాంబీ రెండుసార్లు సర్ది రెండుసార్లు విప్పింది. కుదరక కాదు. మూత పడిందంటే మనిషి వెళ్ళిపోయినట్టేనని ఆమెకు లోపల గుబులు. స్వెట్టరు పైన పెట్టమంది వెర్నా. పీరాంబీ కావాలనే అడుగున పెట్టింది, మళ్ళీ అన్నీ తీయాల్సి వస్తుంది కదా అని.

"పీరా, బస్ కరో. ప్లేన్ జాయేగా," అంది వెర్నా, క్వారీ క్యాంపులో నేర్చుకున్న ముక్కల హిందీలో.

"పోతే పోనీలే మేడం. ఇంకోటి వస్తాది."

గుమ్మంలో కారు తాళాలు ఆడిస్తూ నిలబడ్డ మంగరాజు నవ్వాడు. "అది మీ రాయచోటి బస్సు కాదక్కా, చెయ్యెత్తితే ఆగడానికి. ఆయ్, యల్లా అనండి, బయల్దేరదాం. దుబాయ్ దాకా ఎళ్ళాలి."

"నువ్వు ఊరుకో నాయనా. పెట్టె సర్దేటప్పుడు తొందర పెట్టకూడదు."

మంగరాజు నరసాపురం వైపువాడు. రాస్ అల్ ఖైమాలో కొండ కింద ఉన్న రాళ్ళ క్వారీలో పెద్ద ఇంజనీరు డేల్ సాబ్‌కు డ్రైవరు. వెర్నా ఆ సాబ్ భార్య. పీరాంబీ వాళ్ళింట్లో వంటమనిషి. ముగ్గురు మాట్లాడుకునే చోట మూడు భాషలు తిరిగేవి. ఎవరికి ఏది అందకపోయినా మంగరాజు అందించేవాడు, తన సొంత సరుకు కొంచెం కలిపి.

పీరాంబీ చేతులు అంతకు ముందు కూడా సంచులు సర్దాయి. ఆమె తండ్రి ఫకీరు, దాయిరా వాయిస్తూ ఇంటింటా పాడేవాడు. దాయిరా అంటే గుండ్రటి చెక్క చట్రానికి మేకతోలు బిగించిన వాద్యం. ఒక ఏడు ఉరుసుకని బయలుదేరాడు, సంచి సర్దింది ఈమే. ఆయన ఏ దారిన పోయాడో ఇప్పటికీ తెలియదు. మొగుడు బొంబాయిలో ఓడ ఎక్కిస్తానన్న వాడి వెంట వెళ్ళాడు. ఆ సంచీ ఈమే సర్దింది. అందుకే ఎవరి సామాను తన చేతికి వచ్చినా పీరాంబీ సర్దింది మళ్ళీ విప్పేది.

వెర్నా వెళ్తున్నది కూతురి కాన్పుకు. ఎండలు తగ్గగానే వచ్చేస్తుంది. పెట్టె మూత వేశాక పీరాంబీ ఒక ఆకుపచ్చ గుడ్డలో నాణెం చుట్టి, ఇమాం జామిన్ అని చెప్పి ఆమె కుడిచేతికి కట్టింది. ప్రయాణం క్షేమంగా ముగిశాక దాన్ని ఎవరికైనా పేదవాళ్ళకు ఇచ్చేయాలి. అప్పుడు వెర్నా గోడవారన ఉన్న నల్లపెట్టె తెరిచి, గుండ్రటి మొహం, పొడుగు మెడ ఉన్న తీగల వాద్యం, బాంజో తీసి, పీరాంబీ ఒడిలో పెట్టింది. ఇంగ్లీషులో నెమ్మదిగా ఏదో చెప్పింది.

"ఇది నీ దగ్గరే ఉంచుతారంట," అన్నాడు మంగరాజు. "ఆవిడ తిరిగొచ్చేసరికి ఆ నది పాట నువ్వు మొత్తం వాయించాలంట. మొత్తం అంటే మొత్తం. మధ్యలో ఆపేసి, ఉల్లిపాయలు మాడుతున్నాయని పారిపోతే కుదరదంట."

"ఆ ఉల్లిపాయల మాట ఆమె చెప్పలేదు."

"చెప్పలేదనుకో. అయినా నిజమే కదా."

*

ఈ బాంజో కథ మొదలైంది రెండేళ్ళ కిందట. పీరాంబీ ఆ ఇంట్లో పనికి కుదిరిన కొత్తలో, మొదటి శుక్రవారం. క్వారీకి సెలవు. రాళ్ళు పిండిచేసే మిషను ఆగిపోయింది, కొండ పేల్చే ముందు మోగే సైరను లేదు. అంతటి నిశ్శబ్దం ఆమెకు కొత్త. వంటింట్లో బియ్యం ఏరుతుంటే వరండాలోంచి ఒక చప్పుడు వచ్చింది. రేకుల మీద వడగళ్ళు పడుతున్నట్టుంది, కానీ వడగళ్ళకు ఇంత లెక్క ఎక్కడిది? ఒకదాన్నొకటి తరుముకుంటూ, ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుంటూ, ఆగకుండా, అలసిపోకుండా. ఆ చప్పుడు మీద ఒక ముసలి గొంతు లేచింది. సన్నగా, పైకి, ఇంకా పైకి. పక్షి అంత ఎత్తుకు పోతే కంటికి కనిపించదు. పీరాంబీ చేట పట్టుకునే వరండాలోకి వచ్చి నిలబడింది.

తెల్ల జుట్టు ముడేసుకున్న వెర్నా పాడుతోంది. వేళ్ళకు లోహపు గోళ్ళు తొడుక్కుని తీగలు మీటుతోంది. పక్కన డేల్ సాబ్ గిటారుతో అడుగు గొంతు కలిపాడు. మెట్ల మీద కూర్చున్న మంగరాజు ఆ రెండు గొంతుల మధ్యలో నడిచాడు, క్రైస్తవుల బడిలో పాటలు నేర్చిన గొంతు అతనిది. మూడు గొంతులూ కలిసినచోట నాలుగో గొంతు ఒకటి వినిపించింది. అదెవరిదో అని పీరాంబీ వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ లేరు. ఎండలో కొండ ఒక్కటే తెల్లగా తేలుతోంది.

"దేవుడి పాటలక్కా," అన్నాడు మంగరాజు తర్వాత. "వాళ్ళ కెంటకీ కొండల్లో ఇలా పాడతారంట. దీన్ని బ్లూగ్రాస్ అంటారు. అంటే నీలిగడ్డి."

"గడ్డి నీలంగా ఉంటే గొడ్డు తింటాదా?"

మంగరాజు ఆ మాట వెర్నాకు చెప్పాడు. వెర్నా బాంజో కింద పెట్టి మరీ నవ్వింది. ఆ నవ్వుతోనే ఇద్దరికీ స్నేహం కలిసింది.

పాఠాలు వంటింట్లోనే మొదలయ్యాయి. వెర్నా పీరాంబీ ముంజేతి మీద మూడు వేళ్ళతో తట్టేది. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు. మళ్ళీ బొటనవేలు. ఆ తిరుగుడే బాంజోకు ప్రాణం. ఏ వేలూ ఇంకో వేలి కోసం ఆగకూడదు, ఏ వేలూ దాటిపోకూడదు. పీరాంబీకి అది రాళ్ళు ఏరడంలా అనిపించింది. ఆ మూడు వేళ్ళతోనే కదా బియ్యంలో రాయి తీసేది! చేటలో బియ్యం పోసుకుని, రాయి ఉన్నా లేకపోయినా, ఆ వరసలో వేళ్ళు ఆడించేది. ఆ రోజుల్లో డేల్ సాబ్ ఇంట్లో అన్నం చాలా శుభ్రంగా ఉండేది.

మంగరాజు వెక్కిరించకుండా ఉండలేదు. "నమాజు చేసే చేతులతో ఏసు పాటలేంటక్కా? మీ వాళ్ళకి తెలిస్తే?"

"మా ఊర్లో పీర్లు లేస్తే మోసేది ఎవరనుకున్నావు? కాపోళ్ళు, బోయోళ్ళు. మా నాయన పాడితే గింజలు పోసింది రెడ్డమ్మలు. పాట ఎవురిదైతే ఏమి నాయనా, వేళ్ళు నావి కదా."

ఆమెకు బాగా పట్టుకున్నది నది పాట. వెర్నా వాళ్ళమ్మ పాడేదట. నది వెడల్పు, పడవ చిన్నది, చీకటి పడుతోంది. ఆవలి ఒడ్డున అమ్మ దీపం వెలిగించి, అన్నం గిన్నె దించి, దారి చూస్తోంది.

"వాళ్ళు అన్నం తింటారా?" అని అడిగింది పీరాంబీ.

"ఆవిడ రొట్టె అంది. నేను అన్నం చేశాను," అన్నాడు మంగరాజు. "అంత దూరం నుంచి పడవేసుకుని ఎళ్తే రొట్టె ఏం సరిపోద్ది?"

*

వెర్నా వెళ్ళాక రంజాను వచ్చింది, పోయింది. పీరాంబీ రోజూ సాయంత్రం పెరటి అరుగు మీద బాంజో పట్టుకుని కూర్చునేది. ఒకవైపు కొండ, ఇంకోవైపు సముద్రం. గాలిలో రాతిపొడి, ఉప్పు. నది పాట కొంచెం కొంచెంగా వేళ్ళలోకి దిగుతోంది. కొన్ని సాయంత్రాలు తాను వాయిస్తున్నానన్న సంగతే మరిచిపోయేది. ఎదురుగా సముద్రం నదిలా సన్నబడేది. అటువైపు ఎవరో కూర్చుని ఉన్నట్టుండేది. దాయిరా పట్టుకున్నవాడా, సంచి పట్టుకున్నవాడా, తెల్ల జుట్టు మనిషా, పోల్చుకునేలోపు వేలు తప్పేది. నది మళ్ళీ సముద్రమైపోయేది.

ఆగస్టు నెలలో గాలి తడిబట్టలా ఒంటికి అతుక్కుంది. బాంజో గొంతు మారింది. జలుబు చేసిన మనిషి పిలిచినట్టు మందంగా, బొంగురుగా పలకసాగింది. పీరాంబీ తీగల బిరడలు తిప్పింది. లాభం లేదు. బాంజో మొహమంతా తెల్లటి గుండ్రటి పొర. దాని మీద వేలితో కొట్టి, చెవి పెట్టి విన్నది. ఆమెకు అర్థమైంది. తేమకు తోలు వదులైంది.

దానికి ఏం చేయాలో ఆమెకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. పీర్ల పండగకు గుండంలో మంట లేచాక, వాయించేవాళ్ళంతా ముందు చేసే పని అదే. తండ్రి దాయిరాను మంటకు చూపించేవాడు, అటు తిప్పి ఇటు తిప్పి, బిడ్డకు చలి కాచినట్టు. మధ్యమధ్య వేలితో టింగుమనిపించి వినేవాడు. తోలు బిగిసి గొంతు తెరుచుకునేది.

పీరాంబీ కుంపట్లో బొగ్గులు రాజేసింది. అసర్ నమాజు అయిపోయి పొద్దు వాలుతున్న వేళ, పెరట్లో ఎవరూ లేరు. బాంజోను బోర్లించి, నిప్పుకు మూరెడు ఎత్తున పట్టుకుని, నెమ్మదిగా తిప్పింది. చేతులు తండ్రి చేతుల్లా కదిలాయి. నోట్లో ఆయన పాట ఒకటి ఆడింది. ఆ వేడిలో ఆమె ఎక్కడికి వెళ్ళిందో ఏమో.

చెప్పు కాలిన వాసన వచ్చి ఆమెను వెనక్కి లాగింది. తిప్పి చూసింది. తెల్ల పొర పాల మీద మీగడలా ముడుచుకుపోయి ఉంది. చూస్తుండగానే నడిమిన చిల్లి పడింది. తీగల కింద నిలబడే చిన్న చెక్క గుర్రం ఆ చిల్లిలోంచి లోపలికి పడిపోయింది.

మంగరాజు వచ్చేసరికి ఆమె బాంజోను ఒడిలో పెట్టుకుని అలాగే కూర్చుని ఉంది.

"అది ప్లాస్టిక్ అక్కా!" అని తల పట్టుకున్నాడు.

"వాయించేదానికి ప్లాస్టిక్ ఎవరేస్తారుబ్బా?" అంది పీరాంబీ. "మేడం నన్ను నమ్మి పెట్టి పోయింది. ఆమె వచ్చేలోపల ఇది పలకాల. పలకకపోతే నేను ఏ మొహంతో వాకిలి తీసేది?"

"దుబాయ్ కొట్లలో అడుగుతానుండు."

అడిగాడు. కరామాలోనూ అడిగాడు, దేరాలోనూ అడిగాడు. అలాంటి వస్తువు పేరు కూడా ఎవరూ వినలేదు.

*

బాంజోకు దుప్పటి కప్పి తన మంచం కింద పెట్టింది పీరాంబీ. ఆ వారమే డేల్ సాబ్ ఒక మాట చెప్పాడు. వెర్నా ఇప్పట్లో రావడం లేదు, ఒంట్లో బాగా లేదు, డాక్టర్లు కొన్నాళ్ళు ఉండమన్నారు. పీరాంబీ మనసు ఒక్కసారిగా ఆ కుంపటి మీదికి పోయింది. నేను దాన్ని కాల్చానని ఆమెకు జబ్బు చేసిందా? కాదని తెలుసు. అయినా రొట్టెలు కాల్చేటప్పుడల్లా మంట తగ్గించేసేది.

సాబ్ తక్కువ మాటల మనిషి. ఒక శుక్రవారం వంటింటి గుమ్మంలోకి వచ్చి, "బాంజో నో సౌండ్?" అని అడిగాడు. పీరాంబీ వెళ్ళి తెచ్చి, ఆయన ముందు పెట్టి, దుప్పటి తీసింది. మంగరాజు జరిగింది చెప్పాడు, ఈసారి సొంత సరుకు కలపకుండా.

సాబ్ చిల్లిలో వేలు పెట్టి చూశాడు. తర్వాత భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడని తెలియడానికి పీరాంబీకి కొంత సమయం పట్టింది.

సాబ్ అన్నది మంగరాజు చెప్పాడు: "చుట్టూ ఉన్న మరలు వదులయ్యాయంట, చిన్న తాళంతో బిగిస్తే సరిపోయేదంట. కానీ మేడం వాళ్ళ తాతగారి బాంజోకి తోలేనంట అక్కా. వానాకాలంలో ఆ ముసలాయన కూడా పొయ్యి దగ్గర పెట్టుకుని మరీ వాయించేవాడంట."

"ఏం తోలు?"

"అదీ... అడివిలో ఉంటదంట, పందికొక్కు లాంటిది."

"ఛీ!" అంది పీరాంబీ. వెంటనే కళ్ళు తుడుచుకుంది. "మేకదైతే నేనేస్తా. సాబ్‌ను అడుగు, ఏస్తానంటే ఒప్పుకుంటాడేమో."

బక్రీదుకు కఫీల్, అంటే అందరికీ వీసాలిచ్చిన అరబ్బు యజమాని, క్యాంపుకు మేకలు పంపించాడు. పీరాంబీ వాటిలో ఒక చిన్న మేక తోలు అడిగి తెచ్చుకుంది. సున్నపు నీళ్ళలో నానబెట్టింది. సున్నానికి కొరతా, ఊళ్ళో కొండంతా సున్నపురాయే. వెంట్రుక వదిలాక, చిన్నప్పుడు తల్లి చేసినట్టు, మొండి కత్తితో గీకింది. పలచబడ్డ తోలును ఎండకు ఎత్తి చూసింది. లోపల సన్నటి నరాలు ఆకులో ఈనెల్లా కనబడ్డాయి. తడిగా ఉండగానే దాన్ని బాంజో కడియం మీద పరిచి లాగి పట్టుకుంది. సాబ్ కొక్కేలు తగిలించి, తాళంతో మరలు ఒక్కొక్కటీ తిప్పాడు. ఆమె వేలితో కొట్టి, "ఇంకా," అనేది. ఆయన తిప్పేవాడు. "ఇంకా." మళ్ళీ తిప్పేవాడు. "ఖలాస్," అంది చివరికి. నీడలో ఆరబెట్టారు.

ఆరిన తర్వాత మొదటిసారి మీటినప్పుడు ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మునుపటి వడగళ్ళ చప్పుడు కాదది. మెత్తగా, లోతుగా, పక్కగదిలో ఎవరో మంచి నిద్రలో మాట్లాడుతున్నట్టుంది. పీరాంబీ వేళ్ళు నది పాట వెతుక్కుంటూ వెళ్ళాయి. కొత్త గొంతులో ఆ పాట నెమ్మదిగా నడిచింది, పడవ అలల మీద ఊగినట్టు. అక్టోబరు మొదటి వారానికి అది ఆగకుండా ఆవలి ఒడ్డు చేరింది. ఆ రోజు పొయ్యి మీద ఉల్లిపాయలు నిజంగానే మాడిపోయాయి.

*

"వెర్నా అడుగుతోంది, పాట వచ్చిందా అని," అన్నాడు సాబ్.

క్యాంపులో చదువు రానివాళ్ళంతా ఇంటికి క్యాసెట్టు పంపేవాళ్ళు. టేపురికార్డరు ముందు కూర్చుని మాటలు నింపి, ఊరికి వెళ్ళేవాళ్ళ చేతికిచ్చేవాళ్ళు. దానికొక పద్ధతి ఉండేది. ముందు సలాములు, తర్వాత ఇంటిల్లిపాదినీ పేరుపేరునా అడగడం, ఆ తర్వాతే ఏ కబురైనా. పీరాంబీ పద్ధతి తప్పలేదు. వరండాలో కూర్చుని, రికార్డరు వైపు వంగి మొదలుపెట్టింది.

"అస్సలాము అలైకుం మేడం. మీ బిడ్డ బాగుందా? బిడ్డకు పుట్టిన బిడ్డ బాగుందా? అల్లుడు బాగున్నాడా? అల్లుని తల్లి బాగుందా?"

"ఆవిడ పోయి పదేళ్ళయిందంటక్కా," అన్నాడు మంగరాజు పక్కనుంచి.

"అయ్యో. నువ్వు ముందే చెప్పద్దా? ఇప్పుడు అది లోపలికి పోయిందా?"

"పోయింది."

"సరేలే. మేడం, నేను బాగుండాను. సాబ్ సరిగ్గా తింటాండాడు. మీ బాంజో..."

అక్కడ ఆగిపోయింది. కాల్చానన్న మాట నాలుక చివరికి వచ్చి నిలబడింది. టేపు తిరుగుతోంది. పీరాంబీ లోహపు గోళ్ళు తొడుక్కుని వాయించడం మొదలుపెట్టింది. సాబ్ అడుగు గొంతు అందుకున్నాడు. మంగరాజు మధ్యలో నడిచాడు. పైన వెర్నా ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది. ఆ ఖాళీని ముగ్గురూ జాగ్రత్తగా అలాగే ఉంచి, దాని చుట్టూ తిరిగి పాడారు.

క్యాసెట్టు సెలవు మీద వెళ్తున్న ఒక ఇంజనీరు చేతిలో వెళ్ళింది. జవాబు నవంబరులో వచ్చింది, ఇంకో క్యాసెట్టులో. వరండాలో పెట్టి విన్నారు. మొదట ఏదో గలగల, పసిపిల్ల ఏడుపు. తర్వాత వెర్నా గొంతు. ఆ గొంతు సగమైపోయింది.

"పీరా. సలాం."

ఆ తర్వాత ఇంగ్లీషు. మంగరాజు టేపు ఆపి ఆపి చెప్పాడు.

"ఇది మా తాత అరుగు మీది చప్పుడు అంటున్నారక్కా. మొదటి మీటుకే తెలిసిపోయిందంట. నా బాంజోకి తోలు ఎవరేశారు అంటున్నారు." మళ్ళీ నొక్కాడు, విన్నాడు, నవ్వాడు. "పాతదేమైందో మాత్రం నాకు చెప్పొద్దు, నేనే ఊహించుకుంటాను, మంచం మీద పడుకున్నదానికి నవ్వుకోడానికి ఏదో ఒకటి ఉండాలి కదా అంటున్నారు. ఆ తోలు తీయొద్దంట."

పీరాంబీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇంకా ఉందక్కా. మూడో చరణంలో తొందరపడ్డావంట."

"పడినాను," అంది పీరాంబీ. "నిజమే, పడినాను."

చివర్లో వెర్నా నది పాట పాడింది. బాంజో లేదు, గిటారు లేదు. తన పై గొంతు ఒక్కటే పాడింది. మధ్యమధ్య ఆగింది, మిగతావాళ్ళు అందుకోవాల్సినచోట వాళ్ళకు వదిలిపెట్టి. ఆ ఖాళీల్లో ఆమె ఊపిరి వినబడింది. పాట అయ్యాక చలి మొదలవగానే వస్తానంది.

ఆ శుక్రవారం టేపురికార్డరును వెర్నా కుర్చీలో పెట్టారు. మీట నొక్కారు. ఆమె గొంతు లేచింది, సన్నగా, పైకి. పీరాంబీ తొందరపడకుండా వాయించింది. సాబ్ అడుగున, మంగరాజు మధ్యలో. కొండ పేలలేదు, మిషను తిరగలేదు. మూడో చరణం దగ్గర ఆమె వేళ్ళు నెమ్మదించి, టేపులోని గొంతు కోసం ఆగి, దానితో కలిసి నడిచాయి. కలిసినచోట ఆ ఎవరిదీ కాని గొంతు మళ్ళీ వినిపించింది. పీరాంబీ ఈసారి వెనక్కి తిరిగి చూడలేదు.

మరుసటి రోజే ఆమె వెర్నా గది కడిగింది. పరుపు ఎండలో వేసింది, దుప్పట్లు ఉతికి మడతపెట్టింది. సాయంత్రాలు గాలి చల్లబడింది.

వెర్నా రాలేదు. 1983 నవంబరు పద్దెనిమిదిన కెంటకీలో, కూతురింట్లో చనిపోయింది. డిసెంబరులో డేల్ సాబ్ కెంటకీ వెళ్ళాడు, బాంజోను పీరాంబీ దగ్గరే వదిలి. ఆయనా తిరిగి రాలేదు.